చార్జి అప్పగింత

జిల్లా ట్రైనింగులో తెల్లబోర్డు మీద
నిచ్చెన బొమ్మ గీశారు.
మెట్టుకో మాట రాశారు. చివరి మెట్టు మీద
టోపీ పెట్టుకున్న నర్సు.
మేం టోపీలు మానేసి ఎన్నేళ్లయిందో
గీసినాయనకి తెలీదు పాపం.
టీ ఇచ్చారు, రెండు సమోసాలు, ఒక సర్టిఫికెట్టు.

సోంపేట బస్సులో కిటికీ పక్కన కూచుని
దమయంతి సిస్టర్ని తలుచుకున్నాను.

ఆవిడ నిచ్చెనల గురించి ఎప్పుడూ చెప్పలేదు.
చెప్పిందల్లా, సూది గుచ్చే ముందు
ఫిస్టులా మీద చెవి ఆనించి వినమని.
"తుమ్మెద పలుకుతందో లేదో సూడు గుంటా.
తుమ్మెద లేపోతే ఎవులు సెప్పినా గుచ్చకు.
సూపర్నెంటు సెప్పినా సరే."

ఆ తుఫాను రాత్రి
కొబ్బరిచెట్ల నడుములు విరుగుతున్న చప్పుడు.
కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ఏడు మిషన్లు. ఏడుగురి నెత్తురు
కొంత ఒంట్లో, కొంత గొట్టాల్లో.
బ్యాటరీలు కీచుమంటూ
ఇంకెంతసేపో లెక్క చెబుతున్నాయి.

ఆవిడ చెబుతుందని అటు తిరిగాను.
గుమ్మంలో టార్చిలైటు పట్టుకుని నిలబడి ఉంది.
వెలుతురు నా చేతుల మీద వేసింది.
అంతే.

అప్పుడెవరో అరిచారు:
"మూడో బెడ్డు ముందు! తవిటినాయుడికి బీపీ పడిపోతంది!
ఓ బాబూ, గళ్లలుంగీ, నిన్నే, ఈ పిడి పట్టుకో,
బాణం గుర్తు చూసి తిప్పు, ఆపకు!
జానకమ్మా, సెలైను!"
అరిచింది నేనేనని
ఏడో మనిషి నెత్తురు ఒంట్లోకి చేరాక తెలిసింది.

తెల్లారి, ఎగిరిపడ్డ రేకుల మధ్య
ఆవిడ మీద విరుచుకుపడ్డాను.
ముప్పయ్యేళ్ల సర్వీసు, ఒక్క మాట అనలేకపోయారా అని.
తడిసిన చెప్పులు దులుపుకుంటూ అంది:
"నాను నోరిప్పితే ఆ రేత్రి నాదైపోద్ది.
నాకింక రేత్రులేటికి? మార్చికి రిటైరు."

ఏప్రిల్లో తాళాలగుత్తి నా నడుముకొచ్చింది.
ఆవిడ మౌనం మాత్రం రాలేదు, ఒప్పుకుంటాను.
ఎవరి చేతిలో సిరంజి వణికినా లాక్కున్నాను.
రోస్టరు నేనే, ఇండెంటు నేనే, తగాదా నేనే.
నేను లేకపోతే వార్డు మునిగిపోతుందని
గర్వంగా చెప్పుకు తిరిగాను.
ఒకసారి నిజంగానే జ్వరమొచ్చి పడుకుంటే
పదకొండుసార్లు ఫోన్ చేశారు.
దూది ఎక్కడుందని కూడా.

మెళియాపుట్టి కొండ దిగి వచ్చిన పిల్ల
సవర సుమిత్ర. మాట్లాడితే నేలకేసి చూస్తుంది.

మొన్న పొద్దున్న మొదటి షిఫ్టు.
కవిటి నుంచి, మాణిక్యపురం నుంచి
చీకటితో లేచి వచ్చినవాళ్లు
వాచిన కాళ్లతో బెంచీల మీద.
నీళ్ల ప్లాంటు దగ్గర సుమిత్ర
పరీక్షగొట్టం కిటికీ వెలుతురుకి పట్టింది.
గులాబీ రంగు. ఎంత లేతంటే
నా కళ్లకి తెలుపే.

"క్లోరిన్ ఉందండి. ఈ నీళ్లు పెట్టం,"
నేలకేసి చూస్తూనే అంది.
టెక్నీషియన్ నవ్వాడు. బెంచీల మీంచి గొణుగుడు.
మా వైపు నీళ్ల మీద అనుమానం ఎవరికీ కొత్త కాదు,
కానీ ఊపిరాడని మనిషిని
ఇంకాసేపు ఆగమనడం ఎలా?

నా నోరు సగం తెరుచుకుంది.
ఈలోగా ఫోన్. సూపర్నెంటు గారు.
"ఎవరాపారు?"
నేనే ఆపానండీ అనొచ్చు. పెద్దమనసు.
ఆ పిల్ల ఆపిందండీ అనొచ్చు. తప్పుకోవడం.
రెండూ మింగి
"షిఫ్టు ఇన్‌ఛార్జి మాట్లాడతారండి" అని
ఫోను సుమిత్ర చేతిలో పెట్టాను.

గొంతు వణికింది. "సార్" అని మూడుసార్లు అంది.
నాలుగోసారి అనలేదు.
"కార్బన్ ఫిల్టరు మార్చాలి. అందాకా పెట్టం."

నేను గోడకానుకుని నిలబడ్డాను,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక.
టార్చిలైటు అంత బరువుంటుందని
దమయంతి సిస్టర్ నాతో అనలేదు.

బెంచీ మీంచి తవిటినాయుడు అడిగాడు,
"ఎంతసేపవుద్ది సిస్టరమ్మా?"
జవాబు నాకు తెలుసు.
"ఆవిణ్ణడుగు" అన్నాను.